సీసా అడుగున తెల్లపొడి

మేరమ్మ వేలిగోటి కింద పుట్టిన బూజును ఆవిడ కూతురు కృపావతి రెండేళ్లుగా పెంచుతోంది. కోళ్లను పెంచేవాళ్లున్నారు, మేకలను పెంచేవాళ్లున్నారు. కన్నతల్లి గోటి చీమును గాజుగొట్టంలో పెట్టి, వేళకు మేత మార్చి సాకేదాన్ని మాత్రం పోర్ట్ బ్లెయర్ జంగ్లీఘాట్ చేపల బజారులో ఎవరూ ఎరగరు. చదువంటే ఇలాగే ఉంటుంది కాబోలని మేరమ్మ సరిపెట్టుకుంది.

కృపావతికి ఆ చదువు మీద ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు మిగిలింది అలసటే. మిడిల్ పాయింట్‌లో బస్సు దిగి, ఎత్తెక్కి కాలేజీ చేరేసరికే సగం ఓపిక ఖర్చయ్యేది. మిగతా సగం ల్యాబు తినేసేది. జింక్ ఆక్సైడ్ అనే తెల్లపొడిని కంటికి ఆననంత సన్నటి రేణువులుగా, నానో రేణువులంటారు, అలా తయారుచేసి, అవి బ్యాక్టీరియానూ ఈస్టునూ ఏమేరకు చంపుతాయో చూడడం ఆమె పరిశోధన. గాజుపళ్లెంలో జెల్లీలాంటి అగర్ పోసి, గడ్డకట్టాక దానిమీద క్రిములను పూసి, మధ్యలో చిన్న గుంట తీసి అందులో మందు పోస్తారు. మర్నాటికి పళ్లెమంతా క్రిములు పెరిగి తెల్లగా అలుక్కుపోతాయి. మందు పనిచేస్తే గుంట చుట్టూ మాత్రం ఏమీ మొలవక శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రమైన వలయం ఎంత వెడల్పుంటే కృపావతికి అంత భవిష్యత్తు.

బ్యాక్టీరియాతో పేచీ లేదు. పొడి తగిలితే బుద్ధిగా చచ్చేది. ఈస్టే మొండిఘటం. రొట్టెపిండిని పొంగించే ఈస్టుకు ఇది దుర్మార్గపు చుట్టం. మనిషి ఒంటి మీద తడి దొరికితే చాలు, గోళ్ల సందుల్లో, పసిపిల్లల నోళ్లలో కాపురం పెట్టేస్తుంది. పొడి మోతాదు పెంచినా, రేణువులు ఇంకా సన్నం చేసినా గుంట అంచుదాకా ఎగబడి పెరిగేది. దానికి తోడు కరెంటు పోతే ఇంక్యుబేటర్ చల్లబడేది. చెన్నై నుంచి రావలసిన రసాయనాలు ఓడ కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోయేవి. కుళాయి నీళ్లు మూడోనాటికి గాని రావు గనక గ్లాసులు కడగడానికి కూడా లెక్క చూసుకోవాలి. ఇవేమీ పట్టని గైడు మేడమ్ ప్రతి సోమవారం తలుపు దగ్గర నిలబడి, “ఈస్ట్ కా క్యా హువా, కృపా?” అని అడిగి వెళ్లిపోయేది. ఏమీ కాలేదని వారం వారం చెప్పడం కంటే విసుగు పుట్టించే పని లోకంలో ఉండదు.

ఆ ఈస్టు అమ్మది కావడానికి కారణం ఉంది. మేరమ్మ చేపలు కోస్తుంది. ఆవిడ తండ్రి భీమిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ వల వేసినవాడు. ఆవిడ ఇక్కడే పుట్టి, ఇక్కడే కత్తిపీట ముందు కూర్చుంది. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా చేతులు నీళ్లలోనే. గోళ్ల చుట్టూ చర్మం ఉబ్బి, ఎర్రబడి, నొక్కితే చీము కారేది. కృపావతి మొదటిసారి పుల్లతో ఆ చీము తీసుకుని గొట్టంలో వేసుకుంటున్నప్పుడు మేరమ్మ చాలాసేపు చూసింది.

“ఏటే గుంటా, రోగాన్ని దాసుకుని పెంచుతావేటి? సంపడానికా, సాకడానికా?”

“చంపడానికే అమ్మా. పెంచితే గదా చంపేది.”

“కోడికీ ఇలాగే సెప్తారు” అని మేరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆసుపత్రికి వెళ్లలేదని కాదు. డాక్టరు మంచివాడే. మాత్రలు రాసి, మాత్రలకంటే ముఖ్యం చేతులు తడవకుండా చూసుకోవడం అన్నాడు. మాత్రలు కడుపులో మంట పెట్టాయి. రెండోది విని మేరమ్మ బస్టాండు దాకా నవ్వుకుంటూ వచ్చింది. “నీల్లలో సెయ్యెట్టకపోతే కూడెవుడు పెడతాడే? ఆ డాకటర్ సాబ్ పెడతాడా?” అంది. కృపావతి ల్యాబు నుంచి రబ్బరు తొడుగులు తెచ్చి ఇస్తే ఒకపూట వేసుకుని తీసి పారేసింది. తొడుగులుంటే చేప ఎక్కడుందో చేతికి తెలీదట, వేలెక్కడుందో కత్తికి తెలీదట.

ఆవిడ నమ్మిన మందు ఒక్కటే, ప్రార్థన నూనె. వాళ్ల తెలుగు సంఘంలో ఉపవాస ప్రార్థన నాడు ఆడవాళ్లు కొబ్బరినూనె సీసాలు తెచ్చి వేదిక ముందు పెడతారు. పాస్టరు యిర్మియా అయ్యగారు వాటిమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. ఆ నూనె ఇంటికి తీసుకెళ్లి నొప్పికీ, జ్వరానికీ, పరీక్షకు వెళ్లే పిల్లల నుదుటికీ రాసుకుంటారు. సీసా ఎప్పుడూ ఖాళీ కానివ్వరు. అడుగున కొంచెం ఉండగానే కొత్త నూనె పోస్తారు, పాలకు తోడు పెట్టినట్టు. అలా చేస్తే పాత ప్రార్థనలన్నీ కొత్త నూనెలోకి ఎక్కుతాయని వాళ్ల లెక్క. ఎవరికైనా స్వస్థత కలిగితే వాళ్ల సీసాలోంచి తోడు అడిగి తీసుకుంటారు. ఇది ఏ సువార్తికుడూ నేర్పింది కాదు. జంగ్లీఘాట్ ఆడవాళ్లు తమకు తామే పెట్టుకున్న వాడుక. అయ్యగారు కూడా వద్దనలేక ఊరుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం మేరమ్మ చెంచాతో అన్నం తింది. సూరచేప పులుసు. ముళ్లు ఏరడానికి చెంచా ఏం పనికొస్తుంది? ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ముల్లు తగిలి, వేళ్లు నోటిదాకా తెచ్చి, నొప్పికి ఆపి, కళ్లనీళ్లతో అలాగే మింగేసింది. ఊరందరికీ చేప కోసిపెట్టే మనిషి తన చేప తను తినలేకపోయింది.

“అమ్మా, నా పొడి ఒక్కసారి రాసి చూద్దాం. ఒక్కసారి.”

“వద్దు.”

“క్యూఁ వద్దు?”

“పార్దన సేసిన నూనె రాసుకుంటన్నాను. దానిమీద మళ్లీ నీ పొడి రాస్తే ఏటర్దం? పైవోడి మీద నమ్మకం సాల్లేదని గదా. నాను రాయను.”

“నమ్మకానికీ దీనికీ—”

“నాను వద్దన్నాను. బస్.”

మేరమ్మ వద్దంటే వద్దే. ఆ గుణం కూతురికీ వచ్చింది, అదే చిక్కు. మర్నాడు కృపావతి ల్యాబు నుంచి చిన్న డబ్బాలో తెల్లపొడి తెచ్చి, తల్లి స్నానానికి వెళ్లినప్పుడు ప్రార్థన నూనె సీసాలో పోసి కుదిపి, మూత బిగించి, బైబిలు పక్కన యథాస్థానంలో పెట్టేసింది. దొంగతనంగా తీసుకునేవాళ్లను చూశాం. దొంగతనంగా పెట్టేవాళ్లు తక్కువ.

పొడి విషయంలో ఆమెకు ఒక్కటే గుచ్చుకుంది. జింక్ లవణంలో కాస్టిక్ సోడా కలిపితే ఆ పొడి దిగుతుంది. ఆ తర్వాత కాస్టిక్ పోయేదాకా నీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి. ఆ వారం కుళాయి రాలేదు, ఓడ రాలేదు, శుద్ధజలం డబ్బా అడుగంటింది. కడగవలసినంత కడగలేదు. వేలి చర్మానికి, అందులోనూ నూనెలో కలిపింది, ఏమవుతుందిలే అనుకుంది. అలసిపోయిన మనిషికి ఏమవుతుందిలే అన్న మాట ఎంత తొందరగా నోటికొస్తుందో.

మేరమ్మ మర్నాడే సీసా ఎత్తి కిటికీ వెలుతురులో పట్టి చూసింది.

“నూనె తెల్లబడిందేటే?”

“పేరుకుందేమో అమ్మా, చలికి.”

పోర్ట్ బ్లెయర్‌లో చలి అన్న మాట విని మేరమ్మ ఒక క్షణం కూతురి ముఖం చూసింది. తర్వాత తనకు తోచిన కారణం తనే వెతుక్కుంది. పోయిన శుక్రవారం అయ్యగారు కన్నీళ్లతో ప్రార్థన చేశారు, ఆ బలం అయ్యుంటుంది. అప్పటినుంచి పేరుకున్నది కరగాలని రోజూ సీసా కుదిపి కుదిపి రాసుకుంది. ల్యాబులో కృపావతి పొడి కలిపిన నీళ్లను ఎలా కుదిపేదో అచ్చం అలాగే.

నెల తిరిగేసరికి వాపు తగ్గింది. చీము ఆగింది. గోళ్ల మొదట్లో లేతగా కొత్త గోరు కనిపించింది. ఒక మధ్యాహ్నం మేరమ్మ పులుసన్నం చేత్తో కలుపుకుని, కవళ్లనే చిన్నచేపల ముళ్లు ఒక్కొక్కటీ ఏరి పళ్లెం అంచున పెడుతూ తిన్నది. కృపావతి ఎదురుగా కూర్చుని ఆ ముళ్లనే చూస్తూ ఉండిపోయింది. అంత సంతోషం ఆమెకు డిగ్రీ చేతికొచ్చిన రోజున కూడా కలగలేదు. చిత్రమేమంటే, సరిగ్గా ఆ వారమే ల్యాబులో ఈస్టు పళ్లెం మీద కూడా వలయం తేలింది. పెద్దదేం కాదు, కానీ శుభ్రంగా, గుండ్రంగా. మేడమ్ ఆ పళ్లేన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూసి మొదటిసారి భుజం తట్టింది. పళ్లెంలోదీ వేలిలోదీ ఒకే ఈస్టు. రెండుచోట్లా ఓడిపోయింది. రెండోచోటి సంగతి మాత్రం ఎవరికీ చెప్పడానికి లేదు. అనుమతి లేకుండా మనిషి మీద ప్రయోగించడం ఎంత తప్పో కృపావతికి తెలుసు. అమ్మకు తర్వాత చెబుదాం, థీసిస్ అయ్యాక చెబుదాం అనుకుంది.

ఆ ఆదివారం మేరమ్మ సాక్ష్యం చెప్పింది. స్వస్థత పొందినవాళ్లు సంఘం ముందు నిలబడి చెప్పాలి, అది ఆనవాయితీ. మేరమ్మ ముసుగు సర్దుకుని, రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూపించింది.

“ఈ సేతులు మీ అందరికీ తెల్సు. మీ అందరి సేపలూ కోసిన సేతులే. సెంచాతో తిన్నాను నాను. ఇయ్యాల సేత్తో తింటన్నాను. మందు నేదు, మాకు నేదు. నూనె, పార్దన. అంతే. నా కూతురు పెద్ద సదువు సదివింది, దాని పొడి కూడా వద్దన్నాను నాను. స్తోత్రం.”

సంఘమంతా స్తోత్రం అంది. కొందరు వెనక్కి తిరిగి కృపావతి వైపు చూసి ముద్దుగా నవ్వారు కూడా, పాపం నీ పొడి ఓడిపోయిందే అన్నట్టు. కృపావతి తల వంచుకుని పాటల పుస్తకంలో వేలు పెట్టి కూర్చుంది. లేచి నిలబడి ఇలా కాదు అని చెప్పాలనిపించింది. తల్లి ముఖంలో ఆ వెలుగు చూసి మనసొప్పలేదు. ఒక్కమాటలో చెప్పాలంటే సిగ్గేసింది, గర్వమూ వేసింది, రెంటినీ మొయ్యలేక నీరసం వచ్చింది.

ఆ వారం నుంచి ఇంటికి తోడు అడిగేవాళ్లు వరుస కట్టారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, గజ్జివాళ్లు, పెళ్లి కుదరని పిల్లల తల్లులు. మేరమ్మ అందరికీ సీసా వంచి పోసేది, తరిగినంతా మళ్లీ కొత్త నూనె పోసి పూడ్చేది. కృపావతి అది చూసి ఊరట పడింది. కొత్త నూనె పడేకొద్దీ పొడి పలచబడుతుంది, ఇంకొన్నాళ్లకు ఏమీ మిగలదు, గొడవ దానంతటదే తీరిపోతుంది. ల్యాబులో పొడి అడుగుకు దిగిపోతుందని తెలిసి, ప్రతిసారీ సీసా కుదిపి గాని గుంటలో పోయని మనిషి ఇంట్లో ఆ సంగతే మరిచిపోయింది. మేరమ్మకు వేళ్లు నయమయ్యాక సీసా కుదిపే అవసరం పోయింది. అందరికీ పోసింది పైపై తేట నూనె. తెల్లటి మడ్డి అంతా సీసా అడుగున చేరి పెరుగులా గట్టిపడింది. అది చూసి మేరమ్మ మురిసిపోయింది. ప్రార్థనలన్నీ అక్కడ చేరాయని ఆవిడ నమ్మకం. ఆ అడుగుది ఎవరికీ పొయ్యలేదు, నిజంగా అవసరమున్నవాళ్ల కోసం దాచింది.

ఆ అవసరం పక్కింటి నూకరత్నానికి వచ్చింది. నూకరత్నం చర్చి మనిషి కాదు. ఇంట్లో అమ్మవారి పటానికి దండం పెట్టుకునే మనిషి. కానీ నూనె విషయంలో ఆ తేడాలు ఎవరూ చూసుకోరు. పురిటికి వచ్చిన కూతురు ఇంకా ఇక్కడే ఉంది, చేతిలో నెలల పాప. పాప నోటినిండా తెల్లగా పూత పూసి పాలు తాగలేకపోతోంది. కృపావతికి చెప్పి ఉంటే అది తన గొట్టంలోని ఈస్టేనని చూడగానే పోల్చుకునేది, ఆసుపత్రికి తీసుకెళ్లమనేది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. నూనె ఉండగా ఆమెకెందుకు చెబుతారు?

సాయంత్రం కృపావతి ఇంటికొచ్చేసరికి మేరమ్మ గుమ్మంలో కూర్చుని ఖాళీ సీసా కడుగుతోంది.

“అమ్మా, సీసా కడుగుతున్నావేంటి? ఖాళీ చెయ్యకూడదు గదా?”

“అయిపోనాది. మళ్లీ శుక్రవారం కొత్తది పెడతాను. అడుగుదంతా ఏలితో తీసి నూకరత్నం మనవరాలి నాలిక నిండా పూసీసి వచ్చేను. గుంటకి రేపటికల్లా నయం అయిపోద్ది సూడు.”

కృపావతి సంచి అక్కడే పడేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తింది. ఇంకా గుమ్మం ఎక్కకుండానే పాప ఏడుపు వినబడింది. మామూలు ఏడుపు కాదు, గొంతు చీరుకుపోయే ఏడుపు. పెదాలు ఎర్రగా కమిలి ఉన్నాయి. తాగిన పాలన్నీ కక్కేసింది.

“పిన్నీ, నోరు కడగాలి, నీళ్లు, జల్దీ! ఆటో పిలవండి!”

“ఏటయిందే? మేరమ్మప్ప నూనే గదా పూసింది?”

కృపావతి పాపను ఎత్తుకుంది. పాప నోరు తడిగుడ్డతో తుడుస్తూనే ఆటో ఎక్కింది. నూకరత్నమూ, పాప తల్లీ, వెనకాలే ఇంకో ఆటోలో మేరమ్మా వచ్చారు. దారిలో మేరమ్మ ఎవరి ఫోనులోనో అయ్యగారికి కబురు చెప్పి, పాప కోసం ప్రార్థనకు రమ్మంది.

ఆసుపత్రిలో డాక్టరు పాప నోరు తెరిచి లైటు వేసి చూశాడు. ఏం పెట్టారని అడిగాడు. మేరమ్మే ముందుకు వచ్చింది, తన నూనె మీద ఎవరూ అనుమానపడకూడదని.

“తేల్ హై, డాక్టర్ సాబ్. ప్రార్థనా కా తేల్.”

“ఔర్ క్యా మిలాయా?”

“కుఛ్ నహీఁ. ఖాలీ నారియల్ తేల్.”

“మిలాయా హై” అంది కృపావతి. కలిపింది తనేనని చెయ్యి తన వైపు చూపించుకుంది. “మైనే మిలాయా.”

తర్వాత అంతా చెప్పింది. జింక్ ఆక్సైడ్ అని, నానో అని, ల్యాబులో తనే చేసిందని, సరిగ్గా కడగలేదని, కాస్టిక్ మిగిలి ఉండొచ్చని. డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎంత పొడి వేసిందీ, ఎప్పుడు వేసిందీ రెండుసార్లు అడిగి, నర్సుకు ఏవో చెప్పి, పాపను లోపలికి తీసుకెళ్లమన్నాడు. అప్పుడే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ యిర్మియా అయ్యగారు ఆఖరి మాటలు విన్నారు. మేరమ్మ మొత్తం వింది. హిందీలో చెప్పింది గనక ప్రతి ముక్కా అర్థమయింది, ఇక్కడ హిందీ రానివాళ్లెవరు?

నూకరత్నం ఒక్కటే మాట అంది. “పిన్నీ పిన్నీ అంటావు గదే.”

పాపకు ప్రమాదమేమీ లేదని మర్నాడు పొద్దున్న చెప్పారు. నోరు కమిలింది, మానుతుంది. పూతకు వేరే చుక్కల మందు ఇచ్చారు. అయ్యగారు ఆ మాట వినేదాకా వరండాలో కూర్చుని, లేచి వెళ్తూ కృపావతి దగ్గర ఆగారు. ఆయన కూడా రాత్రంతా నిద్రలేక వాడిపోయి ఉన్నారు.

“నూనె తీసుకున్న ఇళ్లన్నిటికీ నేను వెళ్లి చెప్పి వస్తానమ్మా. నా దగ్గర దాచకుండా చెప్పు, పైనూనెతో ఏమైనా భయముందా?”

“పైదాంట్లో అంతగా ఉండదు అయ్యగారూ. అయినా పారబొయ్యమనండి.”

“సరే.” మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, “సీసాల మీద చెయ్యి పెడతాను గాని, లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఇకనుంచి చూస్తాను” అని వెళ్లిపోయారు.

తల్లీ కూతుళ్లు హాడో దాకా బస్సులో, అక్కణ్ణుంచి నడిచి వచ్చారు. సముద్రం పక్క రోడ్డు మీద మేరమ్మ ముందు నడుస్తోంది.

“నన్నడగలేదేటి?” అంది చివరికి, వెనక్కి తిరక్కుండానే.

“అడిగాను గదా. వద్దన్నావు.”

“వద్దన్నాను గదా మరి.”

నువ్వు చెంచాతో తింటుంటే చూడలేకపోయానమ్మా అని చెప్పింది కృపావతి. నిజమే చెప్పింది. ఆ నిజం ఆ ప్రశ్నకు సరిపోలేదని చెబుతుండగానే తెలిసింది.

“సంఘం ముందు సెయ్యెత్తి సెప్పేను” అంది మేరమ్మ. “అప్పుడు నువ్వు ఎనకాలే కూకుని ఉన్నావు. ఆ పొద్దు లెగిసి ఒక్క మాట సెప్పుంటే నాను నవ్వుకునేదాన్ని. పసిగుంట నోట్లో నా ఏలు పెట్టేదాన్ని గాదు.”

ఆదివారం వచ్చింది. మేరమ్మ ముసుగు సర్దుకుని మళ్లీ లేచి నిలబడింది. ఒక సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం ఆ చర్చిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఎలా చెయ్యాలో కూడా ఎవరికీ తెలీదు.

“పోయిన నెల నాను సెప్పిన సాచ్చెం తప్పు. నూనెలో మందుంది. నాకు తెల్లీదు. తెల్లీకుండా సెప్పేను. గుంట నోరు నా సేత్తోనే కాలింది. అందరూ నన్ను సెమించాలి.” కూతురి పేరు ఎత్తలేదు. కూర్చుంది.

స్తోత్రం అనాలో వద్దో తెలీక సంఘం బిక్కమొహం వేసింది. అయ్యగారే మెల్లగా స్తోత్రం అన్నారు. అందరూ లోగొంతుతో అందుకున్నారు. తనను కాపాడడానికి తల్లి ఆ తప్పంతా నెత్తికెత్తుకుందని కృపావతికి అర్థమయింది. చెంపదెబ్బ కొట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు. లేచి నిలబడి, “పొడి కలిపింది నేను. అమ్మకు తెలీదు” అని చెప్పి కూర్చుంది. ఎవరూ వెనక్కి తిరిగి నవ్వలేదు.

మేడమ్‌కు కూడా తనే చెప్పింది. మేడమ్ అరిచి, అరిచి, ఆఖరికి కుర్చీలో కూలబడి, పొడి డబ్బాలు పెట్టే బీరువాకు తాళం వేసి చెవి తన దగ్గర పెట్టుకుంది. పళ్లేల మీద చేసింది చెల్లుతుంది, థీసిస్ రాసుకో, వేలి సంగతి ఎక్కడా రాయకు, ఇంకెప్పుడూ ఇక్కణ్ణుంచి చిటికెడు బయటకు పోకూడదు అంది. కృపావతి సరేనంది.

వానలు మొదలయ్యాయి. మేరమ్మ నూనె మానేసింది, నూనె ముట్టుకోవాలంటేనే ఆవిడకు పాప పెదాలు గుర్తొస్తున్నాయి. తడి మాత్రం మానలేదు. వారాలు గడిచేసరికి గోళ్ల మొదళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి, తర్వాత ఉబ్బాయి. ఒక మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చుని, వంటింటి గూట్లోంచి చెంచా తీసి, చాలాసేపు దానివైపు చూసి, మళ్లీ పెట్టేసింది. కృపావతి దగ్గరకు వచ్చి రెండు చేతులూ బల్ల మీద చాపి పెట్టింది.

“ఇదిగో. పెట్టు.”

“ఏంటి?”

“నీ పొడి. ఈసారి నాను సూస్తుండగా పెట్టు. బాగా కడిగిందే తీసుకురా.”

కృపావతి ఆ చేతుల వంక చూసింది. రెండేళ్లు ఈ మాట కోసమే ఎదురుచూసింది.

“లేదమ్మా.”

“ఏటి నేదు?”

“ఇవ్వకూడదు. పళ్లెంలో చచ్చినంత మాత్రాన మనిషికి మంచిదని కాదు. ఇంకా చాలా పరీక్షలు కావాలి. జంతువుల మీద, తర్వాత పెద్దవాళ్లు ఒప్పుకున్నాక మనుషుల మీద. ఎన్నేళ్లు పడుతుందో నాకూ తెలీదు. బీరువాకి తాళం వేశారు. వెయ్యకపోయినా తేను.”

“వద్దన్నప్పుడు పెట్టేవు. పెట్టమంటే నేదంటావు.” మేరమ్మకు కోపం రాలేదు. అలిసిపోయింది. చేతులు తీసుకోకుండా అలాగే ఉంచి, “ఆ గొట్టంలోది బతికే ఉందా?” అని అడిగింది.

“ఉంది.”

“దానికి యేలకి కూడు పెడతావు. సల్లగా ఉంచుతావు. నీల్లు తగలనియ్యవు.” మేరమ్మ నవ్వడానికి ప్రయత్నించింది. “నా కంటే దాన్నే బాగా సూసుకుంటన్నావే.”

కృపావతి తల్లి చేతుల మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది. కన్నీళ్లు కూడా తడే అని గుర్తొచ్చి, లేచి తువ్వాలు తెచ్చి, ఒక్కొక్క వేలూ సందులు కూడా తుడిచింది.

మర్నాడు తెల్లారగానే, ల్యాబుకు వెళ్లే ముందు, కృపావతి జంగ్లీఘాట్ బజారులో కత్తిపీట ముందు కూర్చుంది. మేరమ్మ పక్కనే ప్లాస్టిక్ స్టూలు మీద, ఒళ్లో తువ్వాలు పెట్టుకుని, తడి లేని చేతులతో ఏం చెయ్యాలో తెలీనట్టు కూర్చుంది. కృపావతి ముందు రబ్బరు తొడుగులు వేసుకుంది. మొదటి సూరచేపే రెండుసార్లు జారి నేలమీద పడింది. తల్లి చెప్పింది నిజమే, తొడుగులుంటే చేప చేతికి తెలీదు. తీసి పక్కన పడేసింది.

“ఈ లెక్కన కోస్తే సేప మళ్లీ బతికొచ్చి సముద్రంలోకి పోద్ది” అంది మేరమ్మ. “మొప్ప కింద పట్టు. బొటనేలు లోపలికెట్టు. అదీ.”

కొనడానికొచ్చిన మనిషి నిలబడి చూసి, “దీదీ, ఆజ్ బేటీ?” అని అడిగాడు.

“హాఁ, భయ్యా” అంది మేరమ్మ. “రోజ్ ఆయేగీ. ల్యాబ్ జానే సే పహలే.”

రోజూ వస్తానని కృపావతి చెప్పలేదు. కాదని కూడా అనలేదు. తొట్టిలో నీళ్లు చల్లగా ఉన్నాయి, చేప రక్తం వేళ్ల సందుల్లోంచి గోళ్ల కిందకు చేరుతోంది. రెండు చేపలు అయ్యాక మేరమ్మ వంగి, “ఇలా ఇయ్యి” అని కూతురి చెయ్యి పట్టుకుని, ఒళ్లోని తువ్వాలుతో ఒక్కొక్క వేలూ ఒత్తి ఒత్తి తుడిచింది, డాక్టరు చెప్పినట్టే. తర్వాత కృపావతి ఇంకో చేప తీసుకుంది.